ఆముదపు నేల, ఇరుసు కందెన

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారి వెంట దక్షిణముగా సాగునపుడు పాలమాకుల, పెద్దషాపురము గడచిన పిమ్మట కొత్తూరు వచ్చును. మందుల కర్మాగారములును, గోదాములును, వాని ముంగిట బారులు తీరిన లారీలును ఇరుప్రక్కల నాక్రమించుకొన్న ఈ దారిలో రెండు మూడు తరముల క్రిందట రాత్రివేళ వినవచ్చిన సందడి వేరు. జొన్నలో, కట్టెలో, ఆముదాల బస్తాలో వేసికొని పట్నమునకు పోవు ఎడ్లబండ్లును, సంక్రాంతి పిమ్మట జరుగు ఉర్సుకు ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు పిల్లాపాపలతో తరలు గూడుబండ్లును తెల్లవార్లు నడచెడివి. ఆ బండ్లలో దేనికైనను అడుగున, ఎద్దుల మెడగంటలంత అవశ్యముగా, ఒక వెదురు గొట్టము వ్రేలాడుచుండెడిది. అందు నల్లని జిగురు పదార్థమును, దానిలో మునిగియున్న యొక పుల్లయు ఉండెడివి. కొత్త బండి కొన్నవానిని ఎడ్ల జత ఎట్టిదని అడిగెడివారే గాని ఆ గొట్టములో నేమున్నదని అడిగినవారు లేరు. చరిత్రకారులును అడుగలేదు. రాజుల రథములను గూర్చియు, నిజాముల మోటారుకార్లను గూర్చియు గ్రంథములు వెలసినవి గాని, ఆ రథములు కదలుటకును ఈ కార్లు పరుగెత్తుటకును మూలమైన కందెనకు మాత్రము ఒక పుట దక్కుట అరుదు.

కందెన చేయు విధము సామాన్యము. వరిగడ్డిని గాని పాత గుడ్డలను గాని కాల్చి, ఆ మసిని మెత్తగా నలిపి, ఆముదములో కలుపుదురు. మసి తక్కువైనచో అది నూనెవలె కారిపోవును. ఎక్కువైనచో ముద్దకట్టి ఇరుసు నంటదు. చక్రపు నాభిలో బిగించిన ఇనుపగొట్టమునకును ఇరుసు కొనకును నడుమ ఈ పదార్థము నిలువవలెను. కావున కడచీల యూడదీసి, చక్రమును వెలుపలికి లాగి, పాత కందెనను గుడ్డతో తుడిచివేసి, క్రొత్తది పూసి, మరల చక్రము నెక్కించి చీల కొట్టుట బండివాని నిత్యకృత్యములలో నొకటి. తుడువక పైపైన పూయువాడు చెడును. ఏలయన, చల్కనేలల ఎర్రదుమ్ము కందెనలో కలసి ఇనుమును అరగదీయు ఆకురాయి యగును. నేటి యంత్రశాస్త్రజ్ఞులు గ్రీజునకు చెప్పు లక్షణము కూడ ఇదియే: ఒక నూనె, దానిని జారిపోనీయక పట్టియుంచు ఒక చిక్కని పదార్థము. చిక్కబరచు పదార్థము మారినది, నూనెయు మారినది, సూత్రము మారలేదు. ఈజిప్టు దేశమున యూయా యను ప్రముఖుని సమాధిలో దొరకిన రథపు ఇరుసున, క్రీస్తునకు పూర్వము 1400 ప్రాంతపుది, జంతువుల కొవ్వు అంటియుండుట కనుగొన్నారు. అచట వారికి కొవ్వు సులభము. ఇచట మనకు ఆముదము సులభము. కందెన యనునది తొలినుండియు ఆయా నేల ఇచ్చు వస్తువుతోనే తయారైనది.

ఈ నేల ఇచ్చినది ఆముదము. మహబూబునగరము జిల్లా ఉత్తరభాగమున, నేడు రంగారెడ్డి జిల్లాలోనికి వచ్చిన కొత్తూరు, షాదునగరము ప్రాంతములును, అచటినుండి జడ్చర్ల, నాగరుకర్నూలు వరకు వ్యాపించిన భూములును అధికభాగము చల్కలు. మట్టి లోతు తక్కువ, నీరు నిలువదు, వాన ఒకసారి మొగము చాటు చేసిన మరి రెండు వారములు తిరిగి చూడదు. అట్టి నేలలో వేరును లోతుగా దింపి, ఆకు వాల్చియు ప్రాణము విడువక, మరల చినుకు పడినంతనే చిగిర్చెడి పైరు ఆముదము. చెట్టు లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని వెక్కిరించు సామెత పుట్టించినవాడు నల్లరేగడివాడై యుండును. చల్కవానికి ఆ వృక్షమే అప్పు తీర్చినది. హైదరాబాదు సంస్థానము భారతదేశమున ఆముదపు సాగులో అగ్రస్థానము వహించిన కాలము స్వాతంత్ర్యమునకు ముందు చాల యేండ్లు నడచినది. తొలకరిలో విత్తిన గింజ గెలలు వేసి, అవి ఒకదాని వెనుక నొకటి పండుచు, కడపటి గెల కోతకు వచ్చుసరికి వేసవి సమీపించెడిది. నాటి వంగడములలో పేరొందిన హెచ్.సి. 6 అను రకము పంటకాలము దాదాపు 270 దినములు. తొమ్మిది నెలలు పొలమును ఆక్రమించు పైరునకు ఆదాయము హెచ్చుగా ఉండవలెను గదా యని అనుకొందుము. కాని పెట్టుబడియు అల్పమే యగుటచే రైతు దానిని విడువలేదు.

గింజనుండి నూనె తీయు మార్గములు రెండు. గాండ్లవారు గానుగలో ఆడించి తీసిన నూనె బజారుకును, బండికిని, దీపమునకును పోయెడిది. ఇండ్లలో స్త్రీలు గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీసికొన్నది వంటాముదము. తలకును, పసిపిల్లల కడుపునకును అదియే. మిగిలిన చెక్కను పశువులకు పెట్టరాదు, అందు రిసిన్ అను తీవ్రవిషము గలదు; అది పొలమునకు ఎరువు. ఒక్క గింజనుండి మందు, దీపము, ఎరువు, ఇరుసు కందెన అన్నియు వచ్చుటచే, దానిని దేనికి వాడవలెనను విచికిత్స గ్రామమున పుట్టనేలేదు. ఎంపిక యను సమస్య తరువాత, యంత్రములు వచ్చిన పిమ్మట, ప్రారంభమైనది.

అయినను నువ్వులనూనె యుండగా, వేరుసెనగనూనె యుండగా, ఇరుసునకు ఆముదమే యేల? తినుట కది పనికిరాదను సమాధానము సగమే నిజము. తక్కిన సగము దాని చిక్కదనములో నున్నది. ఒకే వేడిలో కొలిచినచో తక్కిన వంటనూనెలకంటె ఆముదము ఇంచుమించు ఆరేడు రెట్లు చిక్కన. మరుగునీటి వేడిలో గూడ నేటి లారీల గేరుపెట్టెలో పోయు 90 నంబరు ఆయిలునకు దగ్గరగా నిలుచును. అంతకంటె ముఖ్యమైన గుణము మరియొకటి. దాని కొవ్వు ఆమ్లములలో నూటికి 85 నుండి 90 పాళ్ళు రిసినోలియిక్ ఆమ్లము; తక్కిన నూనెలలో కానరాని ఒక ఉదజని-ఆమ్లజని జంట ఆ అణువు నడుమ నంటియుండుటచే, అది లోహమును పట్టుకొని విడువదు. ఈ విషయము శాస్త్రమున తేటపడుటకు చాలకాలము పట్టినది. 1883లో బోషాం టవర్ అను ఇంగ్లీషు ఇంజనీరు, రైలు ఇరుసులవంటి ఇరుసును నూనెలో త్రిప్పి పరీక్షించుచు, పైనున్న ఇత్తడి బేరింగునకు ఒక రంధ్రము తొలిపించగా, ఆ రంధ్రమునుండి నూనె పైకి చిమ్మినది. బిరడా వేసినను, కొయ్యమేకు బిగించినను నెట్టివేసినది. తిరుగు ఇరుసు తానే నూనెను లోనికి లాగికొని, ఆ నూనెపొర మీద బరువంతయు మోయుచున్నదని అట్లు బయటపడినది. 1886లో ఆస్బరన్ రేనాల్డ్సు దీనికి గణితసూత్రమును కూర్చెను. కాని ఆ పొర ఏర్పడుటకు వేగము కావలెను. ఎద్దునడక బండికి ఆ వేగ మెక్కడిది? అచట ఇనుము ఇనుమును రాచుచునే యుండును; ఆ నడుమ అణువుల మందమున అంటియుండు పొర యొక్కటే రక్షణ. విలియం బేట్ హార్డీ 1922లో ఈ స్థితిని వేరుచేసి నిరూపించి, లోహము నంటు గుణముగల కొవ్వు ఆమ్లములే అచట పనికివచ్చునని చూపెను. ఆయన ప్రయోగశాలకు మునుపే కొత్తూరు బండివాడు సరియైన నూనెను ఎన్నుకొన్నాడని చెప్పుట అతిశయోక్తి కాదు గాని, అతడు ఎన్నుకొన్నాడనుట మాత్రము కొంత అతిశయోక్తియే. అతని చేతికి అందినది అదియే, అది సరిపోయినది.

వాడి జంక్షనునుండి సికిందరాబాదునకు 1874లో రైలు వచ్చిన పిమ్మట ఈ ఆముదమునకు మరియొక యజమాని దొరకినాడు. భారతదేశపు రైళ్ళలో పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ఆముదము దీపపుచమురుగాను, యంత్రములకు కందెనగాను విరివిగా వాడబడినది. పెట్టెల ఇరుసులకు ఇరుదెసల నుండు ఇనుపపెట్టెలలో నూనెలో నానిన నూలుచిక్కులు కుక్కెడివారు. అవి అడుగునుండి ఇరుసును తడుపుచుండును. నూనె యింకినను, ఇసుక చొచ్చినను ఆ పెట్టె కాలి, పొగ లేచి, బండి నిలిచిపోవును. స్టేషనులో ఒకడు దీపము పట్టుకొని పెట్టెపెట్టెకు వంగి చేతితో తాకి చూచుచు పోవుట మన పెద్దలకు పరిచితమైన దృశ్యమే. దక్షిణమునకు, ఉమ్దానగరు, తిమ్మాపురము, షాదునగరముల మీదుగా మహబూబునగరము వైపు పోవు నాటి మీటరుగేజి మార్గమునకు మొదటి మజిలీయైన కాచిగూడ స్టేషను 1916లో వెలసినది. అంతవరకు బండ్లమీద పట్నము చేరుచుండిన ఆముదాలు ఇపుడు రైలుపెట్టె లెక్కి, బొంబాయి రేవు చేరి, అచటినుండి ఇంగ్లండులోని హల్, ఫ్రాన్సులోని మార్సేల్సు నగరముల నూనెమిల్లులకు సాగినవి. ఆ గింజలను మోసిన రైలునకు కందెనయు ఆ గింజల నూనెయే. ధర మాత్రము జడ్చర్ల బడేపల్లి బజారులో నిర్ణయమయ్యెడిది కాదు.

అదే సంవత్సరములలో ఐరోపా ఆకాశమున యుద్ధము నడుచుచుండెను. నాటి యుద్ధవిమానములలో పెక్కింటికి నోమ్, ల రోన్, క్లెర్గే అను పేర్లు గల చిత్రమైన యంత్రము లుండెడివి. వానియందు నడిమి కడ్డీ కదలక నిలిచియుండ, సిలిండర్లన్నియు రెక్కతోపాటు గిరగిర తిరుగును. పెట్రోలు గాలితో కలసి యంత్రపు పొట్టలోనుండియే సిలిండరునకు పోవలెను. అచట భూమినుండి తీసిన ఖనిజనూనె పోసినచో పెట్రోలు దానిని కరగించి కడిగివేయును. పెట్రోలులో కరగనిది ఆముదము. కావున ఆముదమే పోసిరి. ఒకసారి పోసిన నూనె మరల చేరదు; పొగతోపాటు వెలుపలికి చిమ్మి, వైమానికుని ముఖముపై, అద్దములపై, నోటిలోపల బడెడిది. మన ఇండ్లలో ఆదివారము నాడు పిల్లలను పట్టి త్రాగించెడి వస్తువును ఆకాశమున అయాచితముగా పుచ్చుకొన్న ఆ యోధుల ఉదరస్థితి సైనిక చరిత్రలలో హాస్యముగా వర్ణింపబడినది. అమెరికా ప్రభుత్వము 1918లో విమానదళము కొరకు ఫ్లోరిడా మున్నగు దక్షిణ రాష్ట్రములలో విస్తారముగా ఆముదమును సాగుచేయించినది. విత్తనములు భారతదేశమునుండియు తెప్పించినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆ యుద్ధమున బ్రిటిషువారికి విమానములను బహూకరింపగా, ఆ దళమునకు 110వ (హైదరాబాదు) స్క్వాడ్రను అని పేరు నిలిచినది. ఆ దళపు డి.హెచ్.9ఏ విమానములు తిరుగుడు యంత్రములవి కావు, నీటితో చల్లబరచు లిబర్టీ యంత్రములవి. కనుక నిజాము ఇచ్చిన విమానమున నిజాము రైతు ఆముదము కాలెనని వ్రాయుటకు కలము ఉబలాటపడినను అట్లు వ్రాయరాదు. అయినను సంస్థానపు పేరు విమానమున కెక్కినది గాని, సంస్థానపు గింజ పేరు ఎక్కడను ఎక్కలేదనుట సత్యము.

ఖనిజనూనెలు అప్పటికే వచ్చియున్నవి. 1859లో అమెరికాలో డ్రేకు బావి త్రవ్వినది మొదలు కిరోసినుతోపాటు కందెననూనెలును చవుకగా దొరకజొచ్చెను. ఆముదమునకు ఒక దోషము గలదు: మిక్కిలి వేడిలో నది జిగురై, ఎండి, లోహమున గట్టి పొరగా అతుకుకొనును. ఖనిజనూనె అంతగా జిగురుకట్టదు, కాని లోహము నంటు శక్తి దానికి తక్కువ. ఈ రెంటిని కలిపి రెంటి గుణములను రాబట్టవలెనని యత్నించినవారిలో ఛార్లెస్ వేక్‌ఫీల్డు ఒకడు. 1899లో లండనులో వ్యాపారము పెట్టిన ఆయన, ఆముదము చేర్చిన తన మోటారునూనెకు 1909లో క్యాస్ట్రాల్ అని పేరుంచెను. క్యాస్టర్ అనగా ఆముదము. నేడు ఆ డబ్బా కొనువారిలో ఆ పేరిట షాదునగరపు చేను దాగియున్నదని తలచువారు ఎందరు?

హైదరాబాదు సంస్థానమున 1932లో రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభమైనపుడు మోటారుగ్రీజు పల్లెలకును పరిచయమైనది. తరువాత రబ్బరుచక్రపు టైరుబండ్లు వచ్చినవి. వాని నాభిలో ఇనుపగొట్టమునకు మారుగా బాలుబేరింగు లున్నవి; గుండ్ల నడుమ మసిముద్ద పనికిరాదు, డబ్బాలోని పసుపుపచ్చని గ్రీజు కావలెను. కందెనగొట్టము బండి అడుగునుండి మాయమైనది. ఆముదమునకు ఇరుసుతో బంధము తెగినదని అందరును తలచిరి, అది పొరపాటు. 1942లో క్లారెన్స్ ఎర్ల్ అను అమెరికా రసాయనజ్ఞుడు లిథియము సబ్బుతో చిక్కబరచిన గ్రీజునకు పేటెంటు పొందెను. ఎండకు కరగక, నీటికి కొట్టుకొనిపోక, చలికి గడ్డకట్టక నిలుచునది లిథియము గ్రీజు. ప్రపంచమున నేడు అధికముగా అమ్ముడుపోవు జాతి ఇదియే. ఆ సబ్బును చేయుటకు వాడు ఆమ్లము, ఆముదమునకు ఉదజని పట్టించి తీసినదే. టైరుబండివాడు కొన్న డబ్బాలో, ముందు మసితో కలసియుండిన పాత నూనెయే వేషము మార్చుకొని వచ్చినది. ఇదివరలో అది నూనెగా ఉండి మసి దానిని పట్టియుంచెడిది. ఇపుడు అదియే పట్టియుంచు సబ్బై మరియొక నూనెను మోయుచున్నది.

ఈ రసాయనవిద్య హైదరాబాదునకు పరాయిది కాదు. 1944లో సంస్థాన ప్రభుత్వము నెలకొల్పిన పరిశోధనశాల, తరువాత కేంద్రము చేతికి వచ్చి తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల యైనది. అచట నూనెల విభాగమున రెండు దశాబ్దములు పనిచేసిన కె.టి. అచ్చయ్య పేరు నేటి పాఠకులకు భారతీయాహార చరిత్రకారుడుగా తెలియును. కాని 1971లో ఆముదమునుండి తీయదగు రసాయనముల గూర్చి ఆయన వెలువరించిన సమీక్షావ్యాసము నూనెల శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధము. మన ఊరి గింజను ముడిసరకుగా ఎగుమతి చేసి, దానినుండి తీసిన విలువైన పదార్థమును మరల కొనుచున్నామను వేదన నాటి ఆ శాల పనికి ప్రేరణ యని ఊహించుట కష్టము కాదు. ఆ వేదన నేటికిని పూర్తిగా తీరలేదు.

రహదారి ప్రక్కన మెకానికు దుకాణములలో ఎంపిక యను సమస్య మరియొక రూపమున నెదురైనది. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు సంస్థ పాత బుల్లెటు మోటారుసైకిలునకు ఇంజనునుండి క్లచ్చికి శక్తిని చేర్చు గొలుసు ఒక మూసిన పెట్టెలో నూనెలో మునిగి తిరుగును. ఆ గొలుసుపెట్టెలో పలుచని ఇంజనాయిలే పోయవలెను. ఏలయన క్లచ్చిపలకలును అందే యున్నవి. పళ్ళ రాపిడిని తట్టుటకు గంధకము, భాస్వరము చేర్చిన గేరాయిలు మేలైనదని తలచి, అధికవ్యయమునకు వెరువక అందు పోసినవానికి క్లచ్చి జారి, బండి ఎత్తెక్కదు. అదే బండి గేరుపెట్టెకు మాత్రము పలుచని నూనె చాలదు. పలుచని గ్రీజు కావలెను. ఒక్క వాహనములో మూడు పెట్టెలు, మూడు నూనెలు. ఖరీదైనది మంచిది యను వ్యాపారుల ప్రచారమునకు దీనికి మించిన ఖండనము లేదు.

గొలుసుపెట్టెయే హిమదేశములలో మరియొక వాహనమునకు ప్రాణము. కెనడాలో క్యూబెకు రాష్ట్రపు వాల్కూరు గ్రామమున జోసెఫ్-అర్మాన్ బొంబార్డియే 1959లో స్కీ-డూ అను మంచుబండిని బజారునకు తెచ్చెను. ముందు రెండు పట్టెలు, వెనుక నిరంతరముగా దొర్లు రబ్బరుపట్టా. గుల్‌మర్గు మంచుమీద నేడు యాత్రికులను త్రిప్పునది ఆ జాతియే. ఇంజను శక్తి రబ్బరుబెల్టు ద్వారా ఒక కడ్డీకి, ఆ కడ్డీనుండి గొలుసుపెట్టెలోని గొలుసు ద్వారా క్రింది కడ్డీకి చేరి పట్టాను త్రిప్పును. ఇందు క్లచ్చిపలకలు లేవు, కావున రాపిడిని తట్టు గేరాయిలు పోయుటకు అడ్డములేదు. చిక్కు చలితో వచ్చును. గొలుసు అడుగుభాగము నూనెలో మునిగి, దానిని పైకి చిమ్మి తక్కిన భాగమును తడుపవలెను. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సామాన్యమైన 90 నంబరు నూనె తేనెపాకమై, గొలుసు దానిలో ఒక కాలువ కోసికొని ఆ కాలువలోనే తిరుగును. ప్రక్కనున్న నూనె వచ్చి ఆ కాలువను పూడ్చదు. పెట్టెనిండ నూనె యుండగనే గొలుసు ఎండిపోయి చెడును. అందుచేతనే అచటివారు 75డబ్ల్యూ-90 అను కృత్రిమనూనెలను కోరుదురు. ఆ మొదటి సంఖ్య చలినియమము: 40 డిగ్రీల దిగువచలిలో చిక్కదనము 1,50,000 సెంటీపాయిజుల గీత దాటరాదు. రెండవది వేడినియమము: పెట్టె కాగిన పిమ్మట పలుచబడి గొలుసును విడువరాదు. పెట్టెలోనికి చేరు తేమతో నూనె పాలవలె తెల్లబడినపుడు, మిగిలియున్నదిగదా యని ఊరకుండక పారబోయవలెను. మినెసోటాలోను కెనడాలోను స్థిరపడి చలికాలపు సెలవులలో ఈ బండ్లెక్కు మన పిల్లలు, ఎండాకాలమున 42 డిగ్రీలు దాటు కొత్తూరులో తమ తాత మసిపాలును హెచ్చుతగ్గులు చేసికొనుటకు గల కారణమును ఆ రెండు సంఖ్యలలో చదువుచున్నారని ఎరుగరు. ఆముదమును ఆ పెట్టెలో పోసినచో మాత్రము అది రాయియై కూర్చుండును. దాని రాజ్యము ఉష్ణదేశమునకే.

అయితే ఇచట రసాయనవిద్య మరియొక వింత చేసినది. ఆముదమును క్షారముతో కలిపి 250 డిగ్రీల ప్రాంతమునకు కాచిన సెబాసికామ్లము వచ్చును. దానిని మద్యసారజాతి పదార్థములతో కూర్చి చేసిన ఎస్టరులు, మూలమైన ఆముదము గడ్డకట్టు చలిలో నీటివలె పారును. కాలిన ఇనుము దగ్గరను చెదరవు. రెండవ ప్రపంచయుద్ధానంతరము జెట్టు ఇంజనులు వచ్చినపుడు, సున్నకు దిగువ 54 డిగ్రీలలో గూడ ప్రవహింపవలెనను సైనికనియమమునకు నిలిచిన తొలి నూనెలలో ఈ సెబాసికు ఎస్టరులు ముఖ్యమైనవి. తరువాత వేడి ఇంకను పెరుగగా వేరుజాతి ఎస్టరులు వానిని త్రోసిరాజన్నవి. అయినను నేటి జెట్టునూనెలకు వాడు ఏడు కర్బనముల హెప్టనోయికామ్లములో కొంతభాగము ఆముదమునే చీల్చి తీయబడుచున్నది. 2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయమున ప్రయాణికుల రాకపోకలు నిలిచి శంషాబాదునకు మారినవి. చల్కనేలల మీద పరచిన ఆ కాంక్రీటు దారులపై వాలు ప్రతి జెట్టువిమానపు ఇంజనులోను ఎస్టరునూనె తిరుగుచున్నది.

ఆ నేలలో ఆముదము మాత్రము తగ్గినది. 1960 దశాబ్దమున హైదరాబాదులోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రమున, పైని చెప్పిన హెచ్.సి. 6 గింజలను న్యూట్రాను కిరణములకు గురిచేసి అరుణ యను పొట్టిరకమును సాధించిరి. 270 దినముల పంట ఇంచుమించు 120 దినములకు దిగినది. ఇది సామాన్యవిజయము కాదు. తొమ్మిది నెలల ఎదురుచూపు నాలుగు నెలలైనది. కాని అదే కాలమున గుజరాతులో ప్రథమ సంకరవంగడము జి.సి.హెచ్. 3 వెలువడినది, అచట బోరునీటితో సాగుచేసిరి, ఇచట ఆకాశము వంక చూచిరి. నేడు దేశపు ఆముదమున సింహభాగము గుజరాతుది. ఇచట పైరు గెలలు వేయు వేళకు తుపాను ముసురు పట్టినచో బూజు సోకి కాయకుళ్ళు తెగులు గెలను గెలనే తినివేయును. దానికి ముందే దాసరిపురుగు ఆకులను ఈనెలు మిగుల్చును. ప్రత్తి ధర ఆశ చూపినది. కొత్తూరు దగ్గర భూమి ధర అంతకంటె పెద్ద ఆశ చూపినది. చేను అమ్మినవానికి వంగడము మెరుగైనదో లేదో విచారింప నక్కరలేదు.

1977లో రాజేంద్రనగరమున నెలకొన్న నూనెగింజల పరిశోధనా సంస్థయు, నాగరుకర్నూలు చెంత పాలెము పరిశోధనా కేంద్రమును ఈ పైరును విడిచిపెట్టలేదు. పాలెమునుండి క్రాంతి, హరిత అను రకములును, పి.సి.హెచ్. 111 అను సంకరమును రైతులకు వచ్చినవి. నాగరుకర్నూలు, గద్వాల వైపు వర్షాధారపు చేలలో ఆముదాలు ఇప్పటికిని మిగిలియున్నవి. కాయకుళ్ళును నిలువరింపగల వంగడము కొరకు, ముసురు పట్టిన తేమను కృత్రిమముగా కల్పించి గెలలకు బూజు నంటించి చూచు పరీక్షలు ఏటేట జరుగుచున్నవి.